మోరిసు చక్కెర, ఒక చిప్ప సున్నం

చక్కెర డబ్బాలోంచి నాలుగు పలుకులు గట్టు మీద పడితే నేను వేలు తడి చేసుకుని అద్ది తీసుకుంటాను. మా మనవరాళ్ళకు అదొక నవ్వులాట. "చీమలకు కూడా ఏమీ మిగల్చవా అవ్వా?" అంటారు. ఇంట్లో నాకు పిసినారి అవ్వ అని పేరు. ఆ పేరును నేను కాదనను. అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండుసార్లు గీసిన మనిషిని. అయితే ఈ వేలు తడి చేసే అలవాటు మాత్రం నా పొదుపులోంచి వచ్చింది కాదు. ఇంకొకామెను చూసి నేర్చుకున్నది. నా పొదుపులోంచి వచ్చిందేమిటంటే, ఏ పాపమూ ఎరగని మనిషి ఒకడు జైలు గడప దాకా పోవడం. కొత్తగా పనుల్లో చేరే పిల్లలకు పనికొస్తుందని ఆ సంగతి రాస్తున్నాను. నేను చదివింది మిషను బడిలో మూడో తరగతి వరకే. తప్పులుంటే మీరే సరిచేసి చదువుకోండి.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త. నెల్లూరు జిల్లా అల్లూరుకు తూర్పున, సముద్రపు ఇసుక దిబ్బల వెంబడి తాటితోపులుండేవి. అక్కడ తాటిబెల్లం సంఘం పెట్టారు. మా ఆయన ఉప్పు మళ్ళల్లో పనికి పోయేవారు. వానాకాలం ఉప్పు పని ఉండదు, ఇల్లు గడవాలి కాబట్టి నేను సంఘంలో చేరాను. మొదట పుల్లలు మోశాను, తర్వాత పొయ్యి దగ్గర నిలబడ్డాను, మూడో ఏటికి పాకం చూసే మనిషినయ్యాను. ఉడుకుతున్న కొప్పెర పొంగితే చితక్కొట్టిన ఆముదపు గింజ చిటికెడు వెయ్యాలి, పొంగు అణిగిపోతుంది. చుక్క తీసి నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలి. కట్టిన ఘడియలో దించాలి. ముందు దించితే సాగుతుంది, ఆలస్యమైతే మాడుతుంది. ఇది చేతికి తెలియాల్సిన పని. నా చేతికి తెలిసింది. దానికి దేవునికి స్తోత్రం.

పాకంతో పాటు సున్నం పెట్టె తాళం కూడా నాకే ఇచ్చారు. కథంతా ఆ తాళం దగ్గరే ఉంది, కాబట్టి కొంచెం చెప్పాలి. తాటిచెట్టు నీరు లోపల సున్నం పూసిన కుండలో పడితే తియ్యగా ఉంటుంది, కాస్తే బెల్లం. సున్నం లేని కుండలో పడితే ఎండెక్కేసరికి నురగ కట్టి కల్లవుతుంది. అవి మద్యనిషేధం రోజులు. బెల్లం నీటికి సర్కారు పర్మిట్టు, కల్లుకు జైలు. చెట్టు అదే, కుండ అదే, ఎక్కేవాడూ అతనే. మధ్యలో ఉన్నది వేలి మందం గుల్ల సున్నం. గీత పనివాళ్ళు పొద్దుగూకే ముందు వచ్చి, ఒక్కొక్కరు రెండు కొబ్బరి చిప్పల సున్నం పెట్టించుకుని పోయేవాళ్ళు.

రెండు చిప్పలు నా కంటికి ఎక్కువగా కనిపించాయి. గుల్లలు ఏరి, కాల్చి, చల్లార్చి తెచ్చిన సున్నం గదా, దాన్ని ఇట్లా దోసిళ్ళతో పారబోస్తారా అని నా బాధ. ఆ ఏడు నేను రెండు చిప్పలను ఒకటిన్నర చేశాను. ఏమీ కాలేదు. చలి ఇంకా పోలేదు మరి, ఎందుకవుతుంది? ఒకటి చేశాను. అప్పుడూ ఏమీ కాలేదు. సంఘం సెక్రటరీ గారు పెట్టెలో నిలవ చూసి అందరి ముందూ, "ఈమెను చూసి నేర్చుకోండయ్యా" అన్నారు. ఆ మాట నాకు నెత్తికెక్కింది. ఏప్రిల్ ఎండలు ముదిరినా చిప్ప మార్చలేదు.

గీత పనివాళ్ళలో ఒకతను ఉండేవాడు. మితభాషి. అతని చెట్లు అన్నిటికంటే చివర, సముద్రం దిబ్బ మీద. అందరి కుండలు దిగి పొయ్యి దగ్గరికి వచ్చేసిన తర్వాతే అతని కావడి వచ్చేది, అప్పటికి ఎండ చురుక్కుమంటూ ఉండేది. నిషేధం రాకముందు వాళ్ళ నాయన దుకాణానికి కల్లు పోసినవాడు. అందుకని ఎవరికి ఏ అనుమానం వచ్చినా చూపు ఇతని వైపే పోయేది. అతని భార్య నా పక్క కొప్పెర దగ్గరే పని చేసేది. అప్పుడామెకు ఏడో నెల.

ఒకరోజు అతను చిప్ప చూసి కదలకుండా నిలబడ్డాడు.

"ఏంది?" అన్నాను.

"సున్నం చాల్దక్కా. ఎండలు జాస్తిగా ఉండాయి. నీళ్ళు పులుస్తాయి."

"మిగతావాళ్ళకు చాలింది నీకెందుకు చాల్దు? సున్నం ఏమన్నా మీ అత్తగారు పంపించిందా? పల్చగా కలిపి పూసుకో పో."

అతను తల వంచుకుని పోయాడు. నా నోరు ఎలాంటిదో అందరికీ తెలుసు, ఎదురు మాట్లాడే వాళ్ళు లేరు. ఒక్క మోరిసవ్వ తప్ప.

మోరిసవ్వ పొయ్యిల బూడిద ఎత్తే ముసలమ్మ. చిప్పలు కడిగేది కూడా ఆమే. ఇప్పుడు మారిషస్ అంటున్నారే, ఆ మోరిసు దీవిలో చెరుకు తోటల్లో పుట్టిందట. వాళ్ళ నాయన కోవూరు వైపు నుంచి కరువులో చెన్నపట్నం పోయి ఓడెక్కాడట. పన్నెండో ఏట తల్లితో కలిసి తిరిగి వచ్చింది. చిప్పలు కడుగుతూ కడుగుతూ ఒకనాడు, "ఏమ్మే, ఈ నడమ సున్నం చిప్పలు కడగను నాకు అంత పనే లేకుండా పోయిందే" అంది. నాకు అర్థమైంది. అర్థం కానట్టు పాకం చూసుకుంటూ ఉండిపోయాను.

ఆమె ఆ మాట అన్న మూడో రోజు పొద్దున్నే ప్రొహిబిషన్ ఇనస్పెక్టరు ఒక జవానును వెంటబెట్టుకుని సైకిలు మీద దిగాడు. అప్పుడప్పుడూ వచ్చి కుండల్లో మూడు నాలుగు చూసిపోవడం ఆయన పద్ధతి. ఆ రోజు గాలి లేదు. మిగతావాళ్ళ నీళ్ళు అప్పటికే కొప్పెరల్లో ఉడుకుతున్నాయి. చివరగా వచ్చింది దిబ్బ మీది కావడి. దించుతుండగానే వాసన తెలిసింది. ఇనస్పెక్టరు మూత తీశాడు. తెల్లటి నురగ అంచు దాకా లేచి ఉంది.

"ఇది బెల్లం నీళ్ళా?" అన్నాడు.

అతను కావడి బద్ద కింద పెట్టాడు.

"అడిగేది నిన్నే. సున్నం పూసినావా?"

"పూసినా సార్."

"పూస్తే నురగ ఎందుకొచ్చిందిరా? ఎవరికి అమ్మేదానికి పెట్టుకున్నావు?"

జనంలోంచి ఎవరో అన్నారు, "తండ్రి బుద్ధి యాడికి పోతాది" అని. అతను ఒక్కసారి నా వైపు చూశాడు. ఒక్కసారే. ఇప్పటికీ చెప్పగలను, ఆ చూపులో కోపం లేదు. నేను ఏదైనా చెబుతానేమో అన్నట్టు ఉంది. నేను తెడ్డు గట్టిగా పట్టుకున్నాను. అందరినీ కేకలేసే నోరు, ఆ పూట దానికి తాళం పడింది.

ఇనస్పెక్టరు కుండ మూతికి గుడ్డ కట్టించి లక్క ముద్ర వేశాడు. పర్మిట్టు కాగితం తీసి జేబులో పెట్టుకున్నాడు. కాఫీ తాగి మనిషిని అల్లూరు స్టేషనుకు తీసుకుపోతానన్నాడు. అతని భార్య నా పక్కనే నిలబడి, "అక్కా, ఇప్పుడెట్టక్కా? కానుపుకు మనిషి ఇంట్లో లేకపోతే ఎట్టక్కా?" అంటూ నా కొంగు పట్టుకుంది. సున్నం సంగతి ఆమెకు తెలియదు. మొగుడు ఇంట్లో కూడా చెప్పుకోలేదు, నా మీద చాడీ అవుతుందని.

సెక్రటరీ గారు నా పొయ్యికి ఎదురుగా ఉన్న ఆఫీసు పాకలో కుర్చీ వేశారు. ఇనస్పెక్టరు కాఫీకి మన బెల్లం బాగుండదని అంగడి నుంచి పొట్లం చక్కెర తెప్పించారు. బెల్లం సంఘంలో మర్యాదకు చక్కెర! నాకు ఆ గాభరాలో కూడా అది కళ్ళబడింది. పొట్లం విప్పుతుంటే నాలుగు పలుకులు బల్ల మీద చిందాయి. లోటాలు తీయడానికి పోయిన మోరిసవ్వ వేలు నాలుక మీద తడి చేసుకుని ఆ పలుకులను ఒక్కొక్కటీ అద్దుకుని నోట్లో వేసుకుంది. తర్వాత వచ్చి నా పొయ్యి ముందు కూలబడి బూడిద లాగడం మొదలుపెట్టింది.

"మీ దీవిలో చక్కెర తిని తిని మొహం మొత్తలేదా అవ్వా?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడకపోతే ఏడుపొచ్చేట్టుంది గనక.

"యాడ తిన్నాం మే! తెల్లది మా కంట పడనిస్తేగా. మాకు గానుగ అడుగున మిగిలే నల్ల మడ్డి. తెల్లదంతా ఓడకి. నేను చక్కెర మొదట తినింది నెల్లూరు అంగట్లో. మోరిసు చక్కెర అని బస్తా మీద ఉండాదని అంగడాయన చెప్పినాడు. మాకంటే ముందే ఓడెక్కి వచ్చేసి కూచోనుండాది. తినకపోతే ఎట్టా, మా నాయన కష్టం గదా అది."

"మీ నాయన చెరుకు కొట్టేవాడా?"

"ముందు కొట్టినాడు. మాకంటే ముందు ఆ చెరుకు కొట్టినోళ్ళు వేరే వాళ్ళంట, నల్లోళ్ళు, సంతలో గొడ్లను కొన్నట్టు కొనుక్కొచ్చినారంట. వాళ్ళని వదిలిపెట్టినాక మనల్ని పిలిచినారు. తరవాత మా నాయన చెయ్యి మంచిదని రసం కాచే కొప్పెర కాడ పెట్టినారు. నీ మాదిరే. ఒకసారి నరికిన చెరుకు రెండు దినాలు ఎండలో పడుండింది, బండ్లు రాక. రసం పులిసిపోయింది. పులిసిన రసం గింజ కడతాదా? కట్టలా. దొర వచ్చి, కాచినోడిదే తప్పన్నాడు. మా నాయన్ని కొట్టి జైల్లో యేసినారు. జైల్లో ఉండిన ఒక్కో దినానికి రెండు దినాల కూలి కోసినారు."

"బండ్లు రాలేదని ఎవరూ చెప్పలేదా?"

"బండ్లు తోలించే గుమస్తాకి తెలుసు. తోలించడం మరిచింది ఆయనే గదా. మనోడే, నెల్లూరోడే. చెడ్డోడు కాదు మే. మా నాయన జైల్లో ఉన్నప్పుడు మా అమ్మకి బియ్యం తెచ్చిచ్చినాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బియ్యం తెచ్చినాడు గానీ దొర ముందర నోరు తెరవలా. మా నాయన బయటికి వచ్చినాక మళ్ళీ కొప్పెర కాడికి పోలా. ఎక్కువ దినాలు బతకలా కూడా."

అవ్వ నా మొహం చూడలేదు. బూడిద గంపకెత్తుకుంది. లేస్తూ మాత్రం, "నీ పాకం ముదురుతా ఉండాది, చూసుకో" అంది.

చుక్క తీసి నీళ్ళలో వేశాను. ఉండ కట్టింది. కొప్పెర దించి, తెడ్డు అతని భార్య చేతికిచ్చి, సున్నం చిప్ప తీసుకుని ఆఫీసు పాకలోకి పోయాను.

"సార్, ఆ నీళ్ళు పులియబెట్టింది ఆయన కాదు, నేను" అన్నాను.

ఇనస్పెక్టరు లోటా కింద పెట్టాడు. "నువ్వెవరు?"

"సున్నం కొలిచే మనిషిని సార్. రెండు చిప్పలు ఇయ్యాల్సిన చోట ఒకటి ఇచ్చినా. చాల్దని ఆయన చెప్పినాడు. నేనే నోరేసుకుని పంపించినా."

సెక్రటరీ గారి మొహం నల్లబడింది. "ఏమిటమ్మా నువ్వు చెప్పేది? మరి మిగతా వాళ్ళవి పులవలేదే?"

"వాళ్ళవి ఎండెక్కక ముందే దిగినాయండీ. ఈయన చెట్లు దిబ్బ మీద. ఆఖర్న దిగుతాయి."

ఇనస్పెక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇది బాగుందే! దొరికిపోతే ఒకరికోసం ఒకరు తప్పు మీదేసుకోవడం మీ ఊళ్ళో అలవాటా? ఏం సాక్ష్యం?"

సాక్ష్యం అనగానే నాకు బడిలో పంతులమ్మ గుర్తొచ్చింది. ఆమె లెక్క నోటితో చెబితే ఒప్పుకునేది కాదు, పలక మీద చేసి చూపించమనేది.

"ఒకే చెట్టుకు రెండు కుండలు కట్టించండి సార్. ఒకదానికి నేను ఇచ్చినంత సున్నం, ఇంకోదానికి రెండింతలు, మీ ముందరే కొలుస్తా. రేపు ఇదే పొద్దుకు మీరే దించి చూడండి. రెండూ తియ్యగా ఉంటే ఆయన్ని, నన్ను ఇద్దర్నీ తీసుకోనిపోండి."

ఇనస్పెక్టరుకు మాకు మంచి చెయ్యాల్సిన అవసరం ఏమీ లేదు. కేసు చేతిలో ఉంది, సాక్ష్యంగా కుండ ఉంది. అయినా, "సరే, కొలువు" అన్నాడు. ఆయన పేరు నాకు తెలియదు. ఆ ఒక్క మాటకు మాత్రం ఈనాటికీ ప్రార్థనలో ఆయన్ని తలుచుకుంటాను.

ఆ సాయంత్రం ఆయన ముందే కొలిచాను. అతనే చెట్టెక్కి కట్టాడు. రెండు కుండల మెడలకూ తాళ్ళు చుట్టి ముద్రలు వేశారు. జవానును చెట్టు కింద కాపలా పెట్టారు. జవాను చెట్టు మీదికీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, "మామూలు కల్లు కేసయితే నాకు మంచం మీద నిద్రన్నా దొరికేది" అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు, మోరిసవ్వకు తప్ప.

మర్నాడు అదే పొద్దుకు ఊరు ఊరంతా దిబ్బ మీదే ఉంది. కుండలు దిగాయి. ఇనస్పెక్టరు ముద్రలు తనే తెంచాడు. నా చిప్ప కుండలో నురగ, వాసన. రెండింతల కుండలో నీళ్ళు తేటగా, అడుగున సున్నం కనిపిస్తూ ఉన్నాయి. ఆయన లోటాలో పోయించుకుని తాగాడు. ఇంకొంచెం పోయమన్నాడు. తర్వాత జేబులోంచి పర్మిట్టు తీసి అతని చేతిలో పెట్టి, "నీళ్ళు బాగుండాయి" అని సైకిలెక్కాడు. అంతే. అతను ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని ఇసుకలో కూర్చుండిపోయాడు.

సెక్రటరీ గారు మాత్రం నన్ను వదల్లేదు. వదలకూడదు కూడా. సున్నం తాళం తీసి అప్పటికి అతని భార్యకిచ్చారు. నన్ను పాకం దగ్గర నుంచి తప్పించి, ఆ సీజను అయిపోయే దాకా బూడిద ఎత్తమన్నారు. నన్ను చూసి నేర్చుకోమన్న మనిషే ఆయన, ఆ సంగతి ఇద్దరమూ మళ్ళీ ఎత్తలేదు. అతని భార్య నాతో మాట్లాడడం మానేసింది. బూడిద గంప మోస్తూ ఆమె పక్కనుంచి పోతే కొంగు పక్కకు లాక్కునేది. అది నాకు తగిన శిక్షే. బిడ్డ పుట్టిన తర్వాత, ఇరవై రోజుల పసిగుడ్డును తెచ్చి, ఒక మాటా లేకుండా నా ఒళ్ళో పెట్టి తను కొప్పెర దగ్గరికి పోయింది. ఇది జీతంలో ఇచ్చేది కాదు. ఎంత పొదుపు చేసినా కూడబెట్టగలిగేదీ కాదు.

బూడిద పనిలో నా పై అధికారి మోరిసవ్వ. ఆమె దగ్గర పని కష్టం. "అంత పైపైన లాగితే ఎట్టా, నీ మొగుడికి అన్నం పెడతా ఉండావా, పొయ్యి ఊడుస్తా ఉండావా?" అనేది. థాంక్సులు చెప్పడం మాకు అలవాటు లేదు. వారం బత్తెం అందగానే అంగడికి పోయి చిన్న పొట్లం చక్కెర కట్టించుకుని వచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె పొట్లం చేతిలో ఎగరేసి చూసి, "ఇంతేనా మే? ఆ అంగడాయనకి కూడా చిప్ప నువ్వే ఇచ్చినావా?" అంది. తర్వాత విప్పింది. వేలు తడి చేసుకుని ఒక పలుకు అద్దుకుని నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నన్నూ అద్దుకోమంది. నేను తిన్నాను. ఆ రోజు నుంచి కింద పడిన చక్కెరను నేను తొక్కలేదు.

మొన్న మా పెద్ద మనవరాలు పాఠం చదువుతుంటే విన్నాను. చెరుకు నుంచి చక్కెర తియ్యడం మన దేశంలోనే పుట్టిందట, ఓడలెక్కి దీవుల్లో నాటుకుందట, దాని వెనకే మనుషులను ఓడల్లో తోలారట. పుస్తకంలో అది రెండు పేజీలుంది. మోరిసవ్వ అదంతా నా పొయ్యి ముందు బూడిద లాగేటంత సేపట్లో చెప్పేసింది. ఆమె బడికే పోలేదు.

తర్వాతి ఏడు సీజను మొదలయ్యే ముందు సెక్రటరీ గారు గీత పనివాళ్ళను పిలిచి, సున్నం ఎవరు కొలవాలని అడిగారు. నేను దూరంగా పుల్లలు పేరుస్తున్నాను. లేచి నిలబడింది, ఎప్పుడూ నోరు మెదపని ఆ దిబ్బ మీది మనిషి.

"ఆ అక్కే కొలవాల" అన్నాడు.

"ఆమేనా? నీకు బుద్ధుందా?" అన్నారు సెక్రటరీ గారు.

"ఉండాది సార్. ఇంక ఈ జన్మకి ఆమె కంటే నిండుగా పోసే మనిషి మాకు దొరకదు."

అందరూ నవ్వారు. నేను పుల్లల వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. పొగ అని చెప్పాను. పొయ్యి ఇంకా ముట్టించనేలేదు.

ఆ సాయంత్రం మొదటి చిప్ప అతనికే పట్టాను. రెండు చిప్పలు పోశాను. ఇంకొకటి తీశాను. అతను కుండ వెనక్కి లాక్కున్నాడు.

"చాలక్కా, చాలు! ఇంత పోస్తే బెల్లం నల్లబడతాది."

"నల్లబడితే నేను చూసుకుంటా" అన్నాను. "పట్టు."